చాక్లెట్ పూత బిస్కట్లు: ఆహారమా, విలాసమా?

వైద్యం కోసం వచ్చేవారు ఈ మధ్య అడుగుతున్న ప్రశ్నలలో రెండు ఇదివరలో వినబడేవి కావు. "డార్క్ చాక్లెట్ గుండెకు మంచిదట కదండీ, రోజూ తినవచ్చునా?" అన్నది మొదటిది. "రాత్రిపూట అన్నం మానేసి డైజెస్టివ్ బిస్కట్లు తింటున్నాను, పరవాలేదు కదా?" అన్నది రెండవది. ఈ రెండు ప్రశ్నలకూ మూలం ఒక్కటే. తినుబండారాలు ఔషధాల పేర్లు పెట్టుకొని మన ఇళ్లలో ప్రవేశించాయి. ఒకటి హృదయానికి మిత్రుడినంటున్నది, మరొకటి జీర్ణశక్తికి తోడునంటున్నది. తీపిని తీపిగా తిన్నప్పుడు మనిషి ఎక్కడో ఒకచోట ఆగుతాడు. అదే మందు అనుకొని తింటే ఆగవలసిన అవసరమే కనిపించదు. నా అభ్యంతరం చాక్లెట్ మీద కాదు, ఈ పేర్ల మీద.

ఒక ఉదాహరణ చెబుతాను. నా వద్దకు చాలాకాలంగా వస్తున్న ఒక పెద్దావిడకు మధుమేహం ఉన్నది. మందులు సక్రమంగా వాడతారు, నడుస్తారు, కాఫీలో చక్కెర మానేశారు. అయినా ఉదయం పరగడుపున చేసే పరీక్షలో చక్కెర తగ్గడం లేదు. ఆరా తీయగా రాత్రి భోజనానికి బదులు ఆరు డైజెస్టివ్ బిస్కట్లు పాలతో తింటున్నారని తేలింది. "అరుగుదలకు మంచివని పేరులోనే ఉంది కదా నాయనా" అన్నారావిడ. ఆ రకం బిస్కట్టు ఒక్కొక్కటి సుమారు 70 కేలరీలు. ఆరు తింటే 400 దాటుతాయి. అందులో అధికభాగం గోధుమపిండి, చక్కెర, కొవ్వు. కడుపు నిండా అన్నం తినడం లేదన్న తృప్తి ఒక్కటే ఆవిడకు మిగిలింది. వాటిని మాన్పించి, రాత్రి ఏడు గంటలకే ఒక జొన్నరొట్టె, ఆకుకూర పప్పు తినమన్నాను. మందులలో ఏ మార్పూ చేయవద్దనీ, నెల తరువాత మళ్లీ పరీక్ష చేయించుకొని ఆ కాగితం తమ డాక్టరుగారికి చూపమనీ చెప్పాను.

ఇలాంటి ఆలోచనలలో ఉండగా గత సంక్రాంతికి లండన్ నుంచి వచ్చిన మా మేనల్లుడు ఒక పెద్ద రేకు డబ్బా తెచ్చి ముందుంచాడు. ముదురు నీలం రంగు, బంగారు అంచులు, లోపల పలుచని కాగితపు అరలు. అరకొక రకం చొప్పున ఆరు రకాల బిస్కట్లు. కొన్ని పూర్తిగా చాక్లెట్‌లో ముంచినవి, కొన్ని సగం వరకే ముంచినవి. ఆ దేశంలో క్రిస్మస్ రోజులలో బంధుమిత్రులకు ఇచ్చుకునే ఖరీదైన కానుక అట. "మావయ్యా, మీ శాస్త్రం ప్రకారం వీటికి మార్కులు వేయండి" అన్నాడు నవ్వుతూ. వాడు వేళాకోళానికే అన్నాడు గాని, నేను ఆ పని శ్రద్ధగానే చేశాను. ఆహారాన్ని గురించి రాసేవాడు దానిని నాలుకపై వేసుకోకుండా రాయడం సరి కాదని నా అభిప్రాయం.

ఆహారాన్ని పరిశీలించడానికి చరకుడు విమానస్థానంలో ఎనిమిది విషయాలు చెప్పాడు. పదార్థపు సహజగుణం, దానిపై జరిగిన సంస్కారం, వేటితో కలిసింది, ఎంత పరిమాణం, ఏ దేశం, ఏ కాలం, తినే నియమం, తినేవాని తత్త్వం. చాక్లెట్‌ను ఎన్నడూ ఎరుగని కాలంలో చెప్పిన ఈ కొలబద్ద ఏ ఆహారానికైనా పనికివస్తుంది. నేను రోజుకొక రకం చొప్పున, సాయంత్రం నాలుగు గంటలకు, బాగా ఆకలి అయినప్పుడు, గోరువెచ్చని నీటితో నోరు పుక్కిలించి, ఒక్కొక్క బిస్కట్టు తిన్నాను. టీ తాగలేదు. టీ తాగుతూ తింటే బిస్కట్టు రుచి ఏదో, టీ రుచి ఏదో తెలియదు.

మొదటి రోజు పాల చాక్లెట్ పూసిన డైజెస్టివ్. ఈ పేరుకు ఒక చరిత్ర ఉన్నది. 19వ శతాబ్దంలో బ్రిటన్‌లో అజీర్తికి ఉపకరిస్తుందన్న భావనతో ఈ రకం బిస్కట్లు తయారుచేశారు. ఎడింబరోలోని మెక్‌విటీ అండ్ ప్రైస్ సంస్థలో అలెగ్జాండర్ గ్రాంట్ 1892లో రూపొందించిన బిస్కట్టు ప్రసిద్ధి పొందింది. దానికి చాక్లెట్ పూత 1925లో వచ్చింది. అరుగుదలకు కారణమని వారు నమ్మినది తినే సోడా. సోడా కడుపులోని ఆమ్లాన్ని తగ్గిస్తుంది, నిజమే. కానీ పిండిలో కలిపి పొయ్యిలో కాల్చినప్పుడు అది చాలావరకు విచ్ఛిన్నమై, వాయువును విడుదల చేసి పిండిని గుల్లబరుస్తుంది. కాలిన తరువాత కడుపులో చేయవలసిన పని ఆ సోడాకు పెద్దగా మిగలదు. పైగా ఆమ్లాన్ని తగ్గించడమూ అగ్నిని పెంచడమూ ఒకటి కాదు. మన శాస్త్రంలో దీపన పాచన ద్రవ్యాలంటే శొంఠి, వాము, జీలకర్ర వంటివి. ఆ పని సోడాకు అప్పగించిన పేరు అది.

రుచి మాటకు వస్తే, మొదట నాలుకకు తగిలేది తీపి. చాక్లెట్ కరిగిన తరువాత గోధుమ పొట్టు వాసన, చివర సన్నని ఉప్పదనం. ఆ ఉప్పదనమే ఇందులోని మర్మం. తీపి వెగటు కలిగించే సమయానికి ఉప్పు వచ్చి నాలుకను మళ్లీ మొదటికి తెస్తుంది. చెయ్యి తనంత తానే డబ్బా వైపు పోతుంది. ఆకలి తీరిన తరువాత కూడా తినాలనిపించే పదార్థాన్ని రుచికరమని పొగుడుతున్నాము. వైద్యుడు దానినే అనుమానించాలి. పాల చాక్లెట్ పూసిన ఇలాంటి బిస్కట్టు ఒక్కటి తింటే సుమారు 80 కేలరీలు, ఐదు గ్రాముల దాకా చక్కెర లోపలికి పోతాయి. అంటే చెంచాడు పంచదార.

ఇక్కడ ఒక ముచ్చట. ఇంగ్లండు పన్నుల చట్టంలో సాదా బిస్కట్టుకు, కేకుకు వ్యాట్ లేదు. ఆ బిస్కట్టుకే చాక్లెట్ పూస్తే పూర్తి పన్ను పడుతుంది. సాదా బిస్కట్టును ఆహారం కింద, చాక్లెట్ పూసినదానిని మిఠాయి కింద ఆ చట్టం లెక్కగడుతుంది. జాఫా కేక్ అనే చాక్లెట్ పూత తినుబండారం కేకా, బిస్కట్టా అన్న వివాదం న్యాయస్థానం దాకా వెళ్లి 1991లో అది కేకేనని తేలింది. నిలవ ఉంటే కేకు గట్టిపడుతుంది, బిస్కట్టు మెత్తబడుతుంది అన్న లక్షణం కూడా ఆ విచారణలో చర్చకు వచ్చింది. పదార్థ లక్షణాన్ని బట్టి ద్రవ్యాన్ని నిర్ణయించిన ఆ తీరు మన నిఘంటుకారులకు కూడా నచ్చేదే! వాటిని తయారుచేసిన దేశమే విలాసవస్తువుగా ఎంచి పన్ను వేస్తున్న పదార్థాన్ని మనం పిల్లల బడి డబ్బాలో టిఫిన్‌గా పెడుతున్నాము.

వెన్న బిస్కట్టు సంగతి వేరు. దీనిని స్కాట్లండ్ వారు షార్ట్‌బ్రెడ్ అంటారు. ఒక పాలు చక్కెర, రెండు పాళ్లు వెన్న, మూడు పాళ్లు పిండి, ఇదీ దాని సంప్రదాయ కొలత. డబ్బాలో ఉన్నవి సగం వరకే చాక్లెట్‌లో ముంచినవి. ముంచని సగమే నాకు ఎక్కువ నచ్చింది. నోట్లో ఇసుకలా రాలి, వెన్న వాసనతో కరిగిపోతుంది. మన నాన్‌ఖటాయికి దగ్గర చుట్టం. బిస్కట్టు అనే మాటకు లాటిన్‌లో రెండుసార్లు కాల్చినది అని అర్థం. పూర్వం ఓడలలో నెలల తరబడి నిలవ ఉండడానికి కాల్చిన ఆ ఎండు రొట్టె లఘువు, రూక్షం. వేపుడు, కాల్పు వంటి సంస్కారాలు పదార్థాన్ని తేలిక చేస్తాయన్నది మన వారూ చెప్పినదే. పిండిలో మూడింట రెండు వంతుల వెన్న చేరిన తరువాత మాత్రం పేరు బిస్కట్టే గాని గుణం మారిపోయింది. అది గురువు, స్నిగ్ధం. బలహీనుడు, సన్నగా ఉన్నవాడు, బాగా ఆకలి గలవాడు ఒకటి తింటే తప్పు లేదు. కూర్చొని పనిచేసే స్థూలకాయుడు తినవలసినది కాదు.

తెల్ల చాక్లెట్, నిమ్మ సువాసన కలిపిన రకం నాకు ఏ మాత్రం రుచించలేదు. తెల్ల చాక్లెట్‌లో కోకో గింజ కొవ్వు ఉంటుంది గాని గింజలోని చేదు భాగం ఉండదు. మిగిలినవి పాలపొడి, చక్కెర. గొంతులో జిడ్డుగా పట్టుకొని గంటసేపు వదలలేదు. కఫతత్త్వం గలవారికి, తరచు జలుబు చేసే పిల్లలకు ఇది పెట్టవద్దు. హేజల్ గింజల ముద్ద పెట్టిన పొర బిస్కట్టు తింటే గాలిని నమిలినట్లుంది. కడుపుకు చేరినట్లే తెలియదు. దాని ప్రమాదమూ అదే. కమలా తొక్క నూనె కలిపిన రకం సువాసన వల్ల బాగుంది.

ఇక అల్లం. ముదురు చాక్లెట్‌లో పూర్తిగా ముంచిన అల్లం బిస్కట్టు ఆ డబ్బాకంతటికీ రాజు. కొరికిన వెంటనే చేదు, దాని వెనుక వగరు, ఆ తరువాత తీపి, చివరన గొంతులో అల్లపు కారం వెచ్చగా నిలిచింది. అన్నిటికంటె ముఖ్యంగా, ఒకటి తిన్నాక రెండవది తినాలనిపించలేదు. పాల చాక్లెట్ నాలుకను రెచ్చగొట్టి వదిలింది, ఇది తృప్తిపరచి వదిలింది. తిక్తకషాయ రసాలు తీపికి కళ్లెం వేస్తాయి. మన విస్తరిలో కాకరకాయకూ మెంతికూరకూ చోటు ఇచ్చినది ఇందుకే. అయినా దీనిని అల్లం మందుగా భావించవద్దు. పొట్లంపై రాసిన దినుసుల వరుసలో అల్లం ఎక్కడో తోక భాగాన ఉన్నది. అల్లం కావాలంటే బజారులో అల్లమే దొరుకుతుంది.

కోకో మన ప్రాచీన గ్రంథాలలో లేదు. అది అమెరికా ఖండపు చెట్టు. లినేయస్ 1753లో దానికి పెట్టిన శాస్త్రీయ నామంలోని థియోబ్రోమా అన్న మాటకు దేవతల ఆహారమని అర్థం. అయితే ఇప్పుడది మనకు పరాయిది కాదు. పశ్చిమగోదావరి ప్రాంతపు కొబ్బరి తోటల నీడలో అంతరపంటగా విరివిగా పండుతున్నది. దేశంలో కోకో పండించే రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్‌దే అగ్రస్థానం. అక్కడ పులియబెట్టి ఎండబెట్టిన గింజను నమిలి చూసినవారికి తెలుస్తుంది, అది చేదు, వగరు, కొంచెం పులుపు. తీపి లేశమూ లేదు. అందులోని థియోబ్రోమిన్, కొద్దిపాటి కెఫీన్ మనసును మేల్కొలుపుతాయి. చాక్లెట్‌లోని తీపి అంతా మనిషి కలిపినదే. ఆ గింజకు ఆపాదించే మేలును ఆ తీపి ముద్దకు అంటగట్టడం న్యాయం కాదు.

గుండెకు మంచిదన్న మాట సంగతి కూడా చూద్దాం. కోకో గింజలోని ఫ్లావనాల్స్ అనే పదార్థాలపై పరిశోధనలు జరిగాయి. రక్తనాళాలకు కొంత మేలు ఉండవచ్చునన్న సూచనలు వచ్చాయి. అమెరికా ఆహార ఔషధ సంస్థ 2023లో ఫ్లావనాల్స్ అధికంగా ఉన్న కోకో పొడి విషయంలో మాత్రమే, అదీ ఆధారాలు చాలా పరిమితమని చెబుతూ, అలాంటి ప్రకటనకు అభ్యంతరం లేదన్నది. మామూలు కోకో పొడికీ, చాక్లెట్‌కూ ఆ మాట వర్తించదని కూడా స్పష్టం చేసింది. ఐరోపా నియమాల ప్రకారం 35 శాతం కోకో ఉంటే చాలు, చాక్లెట్ అనవచ్చును. పాల చాక్లెట్‌కు 25 శాతం చాలు. అంటే బిస్కట్టు మీది ముదురు పూతలో కూడా సగానికి దగ్గరగా చక్కెర ఉండవచ్చును. రంగు నల్లగా ఉన్నంత మాత్రాన గుణం మారదు.

పొట్లం చదివే పద్ధతి ప్రతి గృహిణీ, ప్రతి తండ్రీ తెలుసుకోవాలి. దినుసులను బరువు ఎక్కువ ఉన్నదాని నుంచి తక్కువ ఉన్నదాని వరకు వరుసగా రాస్తారు. చాక్లెట్ పూత బిస్కట్టులో చక్కెర రెండు మూడు చోట్ల దాగి ఉంటుంది. చాక్లెట్‌లో ఒకసారి, పిండిలో ఒకసారి, గ్లూకోజ్ సిరప్ పేరుతో మరొకసారి. మూడింటినీ కలిపి చూస్తే పిండితో పోటీ పడుతుంది. విడిగా చేర్చుకునే చక్కెర రోజుకు 25 గ్రాములకు మించకపోతే మరింత మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించింది. పెద్దవారి లెక్క ఇది. ఏడేళ్ల పిల్లవానికి ఇంకా తక్కువ ఉండాలి. మూడు బిస్కట్లు, ఒక గ్లాసు చక్కెర పాలు, వాని ఆ రోజు లెక్క తీరిపోయినట్లే.

మన బజారులో చవకగా దొరికే అనుకరణ బిస్కట్ల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. చాలావాటి పైపూత అసలు చాక్లెట్ కాదు, కాంపౌండ్. కోకో కొవ్వుకు బదులు తాటిజాతి గింజల కొవ్వు వంటివి వాడతారు. పొట్లంపై చాక్లెట్ అన్న మాటకు బదులు చాకో అని గాని, వెనుక హైడ్రోజనీకృత కొవ్వు అని గాని ఉంటే గ్రహించండి. ఖరీదైన డబ్బాను నేను మెచ్చుకునేది ఈ ఒక్క విషయంలో. దానిలో అసలు కోకో కొవ్వు ఉన్నది. అది సుమారు 34 డిగ్రీల వద్ద కరుగుతుంది. అందుకే నోటి వేడికి హాయిగా జారిపోతుంది. అందుకే మన ఎండలకు నిలవదు కూడా. కరిగి మళ్లీ గడ్డకట్టినప్పుడు పైన తెల్లని పొర తేలుతుంది. అది బూజు కాదు, పైకి వచ్చిన కొవ్వు. తినవచ్చును, రుచి మాత్రం తగ్గుతుంది. ముక్క వాసన వేసినా, నూగు కనిపించినా పారవేయండి.

అన్నిటికంటె పెద్ద తప్పు వేళలో జరుగుతున్నది. విందులో భోజనం ముగిశాక, ఐస్‌క్రీముతో పాటో కాఫీతో పాటో ఈ బిస్కట్ల పళ్లెం తిప్పడం ఇప్పుడు మర్యాద అయింది. పిండితో చేసిన బరువైన పదార్థాలను భోజనం చేసిన తరువాత ఎన్నడూ తినరాదనీ, ఆకలి ఉన్నప్పుడు కూడా మితంగానే తినాలనీ చరకుడు సూత్రస్థానంలో విధించాడు. అటుకులను కూడా ఆ కోవలోనే చేర్చాడు. మన పెళ్లి విస్తరిలో తీపి ముందు వడ్డిస్తారు. అగ్ని బలంగా ఉన్నప్పుడు బరువైనది లోపలికి పోయి, చివర మజ్జిగతో భోజనం ముగుస్తుంది. ఈ క్రమాన్ని తలకిందులు చేసి, నిండిన కడుపుపై పిండి, వెన్న, చక్కెర పేర్చి, పది గంటలకు పడుకొని, తెల్లవారి పుల్లని త్రేన్పులని వైద్యుని వద్దకు వస్తున్నారు.

ఇలా అంటే, సున్నుండలు, అరిసెలు మాత్రం తేలికా అని మా మేనల్లుడు అడిగాడు. న్యాయమైన ప్రశ్న. కావు. నేతితో కట్టిన సున్నుండ ఈ బిస్కట్ల కంటె బరువైనది. బెల్లం కూడా మధుమేహికి చక్కెరే. స్వదేశీ అన్న ముద్ర వేసి వాటిని విడిచిపెట్టలేము. తేడా ఏమంటే, సున్నుండను ఎవరూ మందుగా తినడం లేదు. ఒకటి తింటే కడుపు తెలుసుకుంటుంది, అమ్మ డబ్బా మూత పెడుతుంది. కొందరు మిత్రులు బిస్కట్టులోని ఉప్పు పాలతో కలిస్తే విరుద్ధాహారమని పిల్లలను బెదిరిస్తారు. ఆ చిటికెడు ఉప్పు కోసం నేను అంత దూరం పోను. పాలలో ముంచిన బిస్కట్టులో అంతకంటె పెద్ద దోషం చక్కెర.

కొందరు ఈ డబ్బా జోలికి పోకుండా ఉండడమే మేలు. అమ్లపిత్తం ఉన్నవారికి చాక్లెట్ వల్ల అన్నవాహిక కింది కండరం వదులై పులుపు పైకి ఎగదన్నవచ్చును. మూత్రపిండాలలో ఆక్జలేట్ రాళ్లు ఏర్పడినవారికి కోకో పనికిరాదు, అందులో ఆక్జలేట్ అధికం. నిద్ర పట్టనివారు సాయంత్రం తరువాత ముట్టరాదు. తినగానే ఒంటి చెవి తలనొప్పి వస్తున్నదని గమనించినవారు మానివేయాలి. మధుమేహులు ఎప్పుడైనా తినవలసి వస్తే, భోజనానికి అదనంగా గాక, సాయంత్రపు ఫలహారానికి బదులుగా ముదురు రకం ఒక్కటి తిని, ఆ పూట మరే తీపీ ముట్టకుండా ఉండాలి. ఇంట్లో కుక్కను పెంచేవారు డబ్బాను ఎత్తున పెట్టాలి. థియోబ్రోమిన్ దానికి విషం.

మిగిలిన మనకు, ఆకలి వేసిన సాయంత్రం ఒకటి చాలు. డబ్బాను టీ బల్ల మీద ఉంచక లోపలి అలమరలో ఉంచండి. ఫ్రిజ్‌లో పెట్టవలసి వస్తే గట్టి మూత గల స్టీలు డబ్బాలో పెట్టి, తీసిన తరువాత కొంతసేపు ఆగి మూత తెరవండి. లేనిచో తేమ పట్టి చక్కెర పైకి తేలుతుంది.

పండుగపూట మొహమాటానికి నాలుగు తిని కడుపు బరువెక్కితే, పావు చెంచా శొంఠిపొడి, చిటికెడు వాము గ్లాసు నీటిలో వేసి సగం మిగిలేవరకు మరిగించి, వడకట్టి, గోరువెచ్చగా తాగండి. తరువాతి పూట ఆకలి వేసేవరకు ఏమీ తినవద్దు. మధుమేహానికి మందులు, ఇన్సులిన్ వాడేవారు మాత్రం భోజనం మానకుండా తేలికగా జావ వంటిది తీసుకోవాలి. కడుపులో మంట ఉన్నవారికి శొంఠి సరిపడదు. వారు చెంచాడు ధనియాలు దంచి రాత్రి నీటిలో నానవేసి, ఉదయం వడకట్టి ఆ నీరు తాగాలి. మంట రెండు మూడు రోజులకూ తగ్గకపోతే వైద్యునికి చూపించుకోవలసి ఉంటుంది.